కొండవీటి కోట తలొంచిన ఆషాఢం

యువ నామ సంవత్సరం, ఆషాఢ మాసం. కొండ కింద నల్లరేగడి నిండా విజయనగరం గుడారాలే. ఉదయగిరి ఏడాది ముందే పోయింది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ ఒకదాని వెనక ఒకటి చేజారాయి. ఇక మిగిలింది కొండవీడు. పైన ఒడిశా ప్రభువు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు. కింద శ్రీకృష్ణదేవరాయలు, మహామంత్రి తిమ్మరుసు.

రెడ్డిరాజులు అద్దంకి విడిచి ఈ కొండను రాజధాని చేసుకున్నది ఊరికే కాదు. శిఖరాన్నీ శిఖరాన్నీ కలుపుతూ రాతిగోడ, బురుజులు. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. దాహంతో కిందికి దిగాల్సిన అవసరం లేదు. కానీ చెరువులు దాహం తీరుస్తాయే గానీ కడుపు నింపవు. దారులన్నీ మూసుకుపోయాక లోపల ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవాల్సిందే: గాదె అడుగు గీకుతున్న చేతులు, గంజికి ఏడ్చే పిల్లలు, కింద రాత్రంతా వెలిగే శత్రువుల పొయ్యిలు.

1515 జూన్ 23, శనివారం. కోట పడింది.

పట్టుబడినవాళ్ల పేర్లను శాసనాలు భద్రంగా దాచాయి. వీరభద్రుడితో పాటు కుమార హమ్వీరుడి కొడుకు నరహరి, రాచూరి మల్లూఖాను, ఉద్దండఖాను, పూసపాటి రాచిరాజు. ఒడియా దొరలు, తెలుగు రాజులు, ఖానులు ఒకే గోడ వెనక నిలబడి పోరాడారు. రాయలు వాళ్లకు ప్రాణభిక్ష పెట్టాడు. ఆ తర్వాత అమరావతి వెళ్లి అమరేశ్వరుడి సన్నిధిలో తులాపురుష దానం చేశాడు.

నన్ను కట్టిపడేసేది మాత్రం యుద్ధం కాదు, దాని తర్వాతి అయిదేళ్లు. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి కొండవీటి అధికారి అయ్యాడు. అతని కాలంలో, 1520లో వేసిన శాసనంలో సంతకు వచ్చే సరుకుల సుంకాలు రాసి ఉన్నాయి. జొన్నలు, సజ్జలు, ఉప్పు, వంకాయలు, మామిడికాయలు. కందులు, ఉలవలు, చింతపండు, పసుపు, మెంతులు. లవంగాలు, జాజికాయ, రాగి, తగరం. చదువుతుంటే బండ్ల ఇరుసుల చప్పుడు వినిపిస్తుంది. పత్తి ఉంది, నూలూ ఉంది. మిరియాలున్నాయి గానీ మిరపకాయ లేదు! అమెరికా ఖండపు ఆ పంటను పోర్చుగీసువాళ్లు తెచ్చాక గానీ ఈ నేల ఎర్రబడలేదు.

తర్వాతి కథ పొట్టిది. 1579లో గోల్కొండ సుల్తానులు, 1752లో ఫ్రెంచివాళ్లు, 1788లో ఇంగ్లీషువాళ్లు. పెత్తనం గుంటూరుకు దిగిపోయింది. కొండ ముళ్లకంపకు మిగిలింది.

ఆ ఫ్రెంచివాళ్ల దేశంలోనే కార్కసోన్ అనే కోట ఊరుంది. రెండు వరసల ప్రాకారం, 52 బురుజులు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ప్రభుత్వమే దాన్ని కూలగొట్టించబోయింది. ఊళ్లో పుట్టిన చరిత్రకారుడు క్రో మేర్‌వియేలాంటి వాళ్లు పట్టుబట్టి ఆపించారు. 1853లో వాస్తుశిల్పి వియొలే ల్యు ద్యుక్ పునరుద్ధరణ మొదలుపెట్టాడు. 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అయినా బురుజుల మీద అతను పెట్టించిన కోసు పలకరాతి కప్పులు ఆ దక్షిణాది ప్రాంతానివి కావన్న విమర్శ ఈనాటికీ ఆగలేదు.

కొండవీటికి ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. చిలకలూరిపేట, గుంటూరుల నుంచి కుటుంబాలు బండ్లేసుకుని పైదాకా వెళ్తున్నాయి. చాలా సంతోషం. కానీ పడిపోయిన గోడను నిలబెట్టేటప్పుడు పాత రాయినే వెతికి పేర్చాలి. సిమెంటు పూసి రంగులేస్తే అది రెడ్డిరాజుల గోడ కాదు, మన కాంట్రాక్టరు గోడ. లేని గోపురాలు మనకొద్దు. ముందు మూడు చెరువుల గట్లు కాపాడుకోవాలి. ఆ సుంకాల జాబితాను కొండెక్కే దారి మొదట్లోనే పెద్ద అక్షరాల్లో చెక్కించాలి. కొండ దగ్గరి యడ్లపాడు పత్తి రైతు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తే, అయిదు వందల ఏళ్ల కిందట ఇదే సంతలో అమ్ముడైన తన పంట పేరును వేలుపెట్టి చూపించగలగాలి.