చీర వెనక స్పీకర్లు

బుధ్‌వారీ బజారు దాటి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోకి మలుపు తిరగ్గానే ఎండ కాస్త తగ్గుతుంది. అన్నీ పెద్ద చెట్లు, పాత ఇళ్లు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పట్టాల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చిన వాళ్ల మనవలూ మునిమనవలూ ఈ వీధుల్లో ఉన్నారు. గేటు తీసేసరికి లోపల్నుంచి బావ గొంతు: "వచ్చీసావా? ఆ టేపు అటు పట్టుకో ముందు."

మంచినీళ్లు తర్వాత. ముందుగదిలో మీ ఛాతీ ఎత్తున నాలుగు పెట్టెలు నిలబడి ఉన్నాయి. లావు జత బావ స్నేహితుడిది. బదిలీ మీద వెళ్తూ అమ్మకానికి పెట్టాడు. ఒక్కోదాన్లో 10 అంగుళాల ఊఫర్, దాని మీద మధ్యస్థాయికి వేరే డ్రైవర్, పైన ట్వీటర్. ఇద్దరు పట్టుకుంటేగానీ కదలదు. సన్న జత రాయ్‌పూర్ షాపు నుంచి వచ్చింది, నచ్చకపోతే తిరిగిచ్చే షరతు మీద. దానికి ఆరున్నర అంగుళాల ఊఫర్లు రెండేసి. బావ చెయ్యి లావుదాని మీదే ఉంది, బేరం అయిపోయినట్టు.

టేపు లాగుతారు. పొడవు 14 అడుగులు, వెడల్పు 12. బల్లెక్కి కొలిస్తే ఎత్తు కూడా 12. పాత క్వార్టర్ల ఎత్తు సీలింగ్ చూసి అందరూ ముచ్చటపడతారు గానీ, ఇక్కడ అదే చిక్కు. ధ్వని సెకనుకి దాదాపు 344 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య ఏ స్వరపు సగం అల సరిగ్గా ఇముడుతుందో ఆ స్వరం గదిలో ఉబ్బుతుంది. 14 అడుగులకి అది 40 హెర్ట్జ్, 12 అడుగులకి 47. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 47 దగ్గర రెండు ఉబ్బులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. బేస్ గిటారు అట్టడుగు తీగ ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే, 41 దగ్గర.

ఇంకా ఏదీ ఆన్ చెయ్యలేదు, కిటికీ అద్దాలు గలగలమంటాయి. కోర్బా బొగ్గు వెళ్తోంది. వ్యాగన్లన్నీ దాటేదాకా కాళ్ల కింద నేల సన్నగా వణుకుతూనే ఉంటుంది. గూడ్సు నడిపే బావ ఆ శబ్దానికి తలైనా తిప్పడు. దీనికి తోడు కూలరు. దాన్ని ఆపితే చెమట, ఆపకపోతే మెల్లటి సంగతులన్నీ దాని హోరులో కలిసిపోతాయి. ఆపుతారు.

బావ చూపు లావు పెట్టెల మీద నుంచి మరలాలంటే కళ్లకి అడ్డం కట్టాల్సిందే. ఇందులో వింతేం లేదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఇదే పరీక్ష పెట్టారు. స్పీకర్లు కనిపిస్తున్నప్పుడు ఇచ్చిన మార్కులు, తెర వెనక దాచినప్పుడు ఇచ్చిన మార్కులు వేరువేరుగా వచ్చాయి, ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లకి కూడా. అక్క పాత వాయిల్ చీర ఒకటి తీసిస్తుంది. దుప్పటైతే పై స్వరాల్ని మింగేస్తుంది, పల్చటి చీర వాటిని దాటనిస్తుంది. ఫోన్‌లో మీటరు పెట్టి రెండు జతల మోతా సమం చేస్తారు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే మంచిదనిపిస్తుంది చెవికి. షాపువాళ్ల వ్యాపారం సగం దీనిమీదే నడుస్తుందని నా అనుమానం.

ముందు ఒక్కో జతలో ఒక్కో స్పీకరే. రెండు కలిసి మోగితే ఆ వెడల్పులో లోపాలు దాక్కుంటాయి. ఒంటిగా మోగితే బయటపడతాయి. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనోలోనే ఉన్నాయి కాబట్టి పని ఇంకా సులువు. చీర వెనక చెమటలు కక్కుతూ వైర్లు మార్చేది మీరు. ఘంటసాల గొంతు మొదటి పెట్టెలో కాస్త ఛాతీ బరువుతో వస్తుంది. రెండోదాంట్లో మాట మాట విడివిడిగా.

"రెండోదే," అంటాడు బావ, కళ్లు మూసుకుని. "ఆ మొదటిదేటి, గొంతు మీద కంబళి కప్పినట్టుంది."

చీర పక్కకి లాగుతారు. రెండోది సన్నది. బావ నోట మాట లేదు.

"నాకైతే అదే గుచ్చుతంది," అంటుంది అక్క. "స, ష వచ్చినప్పుడల్లా."

ఇద్దరిదీ తప్పు కాదు. ఏళ్ల తరబడి ఇంజన్ మోతలో, హారన్ మోతలో పనిచేసిన చెవి ముందుగా పోగొట్టుకునేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. బావకి చిన్నప్పటి నుంచీ తెలిసిన పాట కూడా ఈ ఊరి బారా ఖోలీలో సోలాపురి మాత పూజలప్పుడు చెట్టుకి కట్టిన హారన్ మైకుదే. పై స్వరాలు కాస్త ఎక్కువున్న స్పీకరు ఆయనకి సరిగ్గా వినిపిస్తుంది, అక్కకి సూదిలా. కాబట్టి ట్వీటర్లు రెండూ సూటిగా బావ కుర్చీ వైపు తిప్పుతారు. అక్క కూర్చునే చోటు ఆ వరసకి పక్కగా ఉంటుంది. పై స్వరాలు సూటిగా వెళ్తాయి, పక్కకి జరిగేకొద్దీ పలచబడతాయి. "ఇలగైతే పర్లేదు," అంటుంది.

ఇక లావు జతకి ఆఖరి అవకాశం. బేస్ గిటారు బాగా పలికే ఇళయరాజా పాట పెడతారు. కొన్ని స్వరాలు హుందాగా వస్తాయి, రెండు మాత్రం గదంతా నిండి ఆగవు. మీరు వేసిన లెక్క తప్పలేదు. గోడ నుంచి 3 అడుగులు ముందుకి లాగితే బాగుపడుతుందేమో అనుకుంటారు. లాగితే 94 హెర్ట్జ్ దగ్గర వెనకగోడ నుంచి తిరిగొచ్చిన అల ఎదురై అక్కడ గొయ్యి పడుతుంది, పైగా దేవుడి అలమరకి దారి పోతుంది. "అది జరగడానికి ఈల్లేదు, ముందే చెప్పీసాను," అని వంటింట్లోంచి కేక. పెట్టె వెనక కన్నంలో మేజోళ్లు కుక్కుతారు. మోత తగ్గుతుంది, దాంతోపాటు ఆ పెట్టె కొనడానికి ఉన్న కారణమూ తగ్గుతుంది. సన్నవి అంత లోతుకి దిగవు కాబట్టి గది ఉబ్బు వాటి లోటు పూడుస్తుంది. సోఫాని వెనకగోడ నుంచి రెండు మూడడుగులు ముందుకి జరిపితే చాలు.

ఆంప్లిఫయర్ సంగతి పెద్దగా తేల్చేదేం లేదు. సన్నవి ఒక వాట్‌కి మీటరు దూరంలో 87 డెసిబెళ్లు ఇస్తాయి. మోత 3 డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. అయినా ఈ గదికి బావ దగ్గరున్న 60 వాట్లు మిగిలిపోతాయి.

నిజానికి ఇంకో లెక్క ఉంది, కేటలాగుల్లో రానిది. ఇది క్వార్టరు. గోడకి పలకలు బిగించుకోలేరు, సీలింగ్ మార్చుకోలేరు. ఆర్డరొస్తే సామాను కట్టుకుని వేరే ఊళ్లో, వేరే కొలతల గదిలోకి వెళ్లాలి. ఒక్క గదికి సరిపోయే భారీ జత కన్నా ఎక్కడైనా ఒదిగే జతే రైల్వే ఇంటికి తగినది. బావ ఈ మాట ఒప్పుకోడు గానీ ఫోన్ తీసి రాయ్‌పూర్ షాపుకి కొడతాడు.

"భాయ్‌సాబ్, రఖ్ లేతే హై. కిత్‌నా కమ్ కరోగే?" అని హిందీలో మొదలెట్టి, మీ వైపు తిరిగి తెలుగులో గుసగుసగా, "పెట్టెల కింద వేసే ఆ మేకులు కూడా ఇమ్మందునా?" అంటాడు. ఇమ్మనండి, గచ్చు మీద గీతలు పడకుండా బిళ్లలు కూడా.