కారు చెడ్డదా, కంపెనీ చెడ్డదా? పేరు పోగొట్టుకున్న బళ్ళ కథ

పొందూరు నుంచి మాట్లాడుతున్నాను. పొందూరు అనగానే మీకు ఖద్దరు గుర్తొస్తుంది కదా. ఈరోజు ఎపిసోడ్ మాత్రం కార్ల గురించి. చివర్లో ఖద్దరు దగ్గరికి కూడా వస్తాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడు వైజాగ్ లైన్లో ట్యాక్సీ తిప్పాలనుకుంటున్నాడు. పిన్ని గొలుసు తాకట్టు పెట్టి కొంత డబ్బు ఇచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఒక బండి చూశాడు. అదే వయసు, అదే సైజు ఉన్న పేరున్న కంపెనీ బండి కంటే ఇది లక్షన్నర తక్కువ. "అన్నయ్యా, బండి బాగుంది. కానీ ఎవర్ని అడిగినా ఆ కంపెనీ బళ్ళు రోడ్డు మీద ఆగిపోతాయంటున్నారు. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజులు ఆగమన్నాను. ఎందుకంటే ఈ ప్రశ్న మా ఇంట్లో పాతది.

నేను టెన్త్ చదువుతున్నప్పుడు మా నాన్న ఒక పాత కారు కొన్నారు. ఆయన స్కూల్ మాస్టారు. కంపెనీ పేరు చెప్పను, అడక్కండి. నాలుగు నెలలు చక్కగా నడిచింది. ఒకరోజు శ్రీకాకుళం వెళ్తుంటే చిలకపాలెం దాటాక హఠాత్తుగా ఆగిపోయింది. ట్రాక్టరుకి తాడు కట్టి పొందూరు లాక్కొచ్చాం. మెకానిక్ చూసి, "మేస్టారూ, టైమింగ్ బెల్టు తెగిపోనాదండి. వాల్వులు ఒంగిపోనాయి. దీని సామాను శ్రీకాకుళంలో దొరకదు, వైజాగులో కూడా ఉందో లేదో" అన్నాడు. ఏడు వారాలు ఆ కారు షెడ్డు పక్కనే పడుంది. దాని కింద కోళ్ళు పడుకునేవి. ఊళ్ళో అందరిదీ ఒకటే మాట: "ఆ కంపెనీ బళ్ళు అంతే మాస్టారూ, మీకు ఎవరూ చెప్పలేదా?" నాన్న ఆ కారుని వచ్చిన రేటుకి అమ్మేశారు. మళ్ళీ కారు కొనలేదు.

ఆ పేరు ఆ బండికి న్యాయంగా వచ్చిందా? దీనికి జవాబు కావాలంటే మన దేశంలో కార్ల చరిత్ర కొంచెం చూడాలి.

1980ల ముందు ఇండియాలో కారు కొనాలంటే దాదాపు మూడే పేర్లు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళ అంబాసిడర్, ప్రీమియర్ వాళ్ళ ఫియట్ (1974 నుంచి దాని పేరు పద్మిని), మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ చేసిన హెరాల్డ్. బుక్ చేస్తే బండి చేతికి రావడానికి ఏళ్ళు పట్టేది. అంబాసిడర్ అంటే ఇంగ్లండులో 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అదే బండి చిన్న చిన్న మార్పులతో 2014 దాకా తయారైంది. అది తరచూ రిపేరుకొచ్చేది, ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. అయినా దాన్ని ఎవరూ చెడ్డ బండి అనలేదు. ఎందుకు? ప్రతి ఊళ్ళో దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉన్నాడు. ప్రతి టౌన్లో దాని సామాను దొరికేది. అంటే "నమ్మకమైన బండి" అన్న మాటకి అప్పట్లో అర్థం ఆగని బండి కాదు. ఆగినా సాయంత్రానికి మళ్ళీ లేచే బండి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మారుతి. ఈ పేరు వింటే నమ్మకం అంటారు కదా? 1970ల్లో అదే పేరు చెడ్డ పేరు. సంజయ్ గాంధీ 1971లో మారుతి లిమిటెడ్ పెట్టారు. ఏడాదికి 50,000 కార్లు చేస్తామని లైసెన్సు తీసుకున్నారు. జనానికి అమ్మగలిగే కారు బయటికి రాలేదు. 1977లో ప్రభుత్వం మారాక విచారణ కమిషన్ వేశారు, కంపెనీ మూతపడింది. 1981లో ప్రభుత్వమే మారుతి ఉద్యోగ్ అని కొత్తగా మొదలుపెట్టింది. 1982లో జపాన్ సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చారు. ధర 47,500 రూపాయలు. పదేళ్ళు తిరక్కముందే పరువు పోయిన పేరు దేశంలోనే ఎక్కువ నమ్మే పేరైంది. పేరులో అక్షరాలు మారలేదు. ఫ్యాక్టరీ పని తీరు మారింది, విడిభాగాలు చేసేవాళ్ళు వచ్చారు, సర్వీస్ సెంటర్లు వచ్చాయి.

టయోటా కథ కూడా ఇలాంటిదే. 1950ల చివర్లో అమెరికాకి మొదటిసారి టయోపెట్ క్రౌన్ అనే కారు పంపారు. అక్కడి హైవేల మీద ఆ స్పీడు తట్టుకోలేక వేడెక్కిపోయేది. కొన్నేళ్ళకే అమ్మకం ఆపేశారు. జపాన్ రోడ్లకి చేసిన బండి అది. వాళ్ళు తిరిగి వెళ్ళి నేర్చుకుని మళ్ళీ వచ్చారు. మన దగ్గరకొచ్చేసరికి, 2000లో క్వాలిస్ దింపినప్పుడు, ట్యాక్సీవాళ్ళు కళ్ళు మూసుకుని కొన్నారు.

అంటే చెడ్డ పేర్లన్నీ అబద్ధాలేనా? కాదు. నా లెక్కలో అవి మూడు రకాలు.

మొదటిది, నిజంగా సంపాదించుకున్న చెడ్డ పేరు. స్టాండర్డ్ 2000 చూడండి. 1985లో మద్రాసు స్టాండర్డ్ కంపెనీ దించింది. బాడీ ఇంగ్లండు రోవర్ ఎస్‌డీ1ది, చూడ్డానికి సినిమా కారులా ఉండేది. లోపల ఇంజిన్ మాత్రం కొన్ని దశాబ్దాల నాటి స్టాండర్డ్ వాన్‌గార్డ్ కుటుంబానిది. ధర ఎక్కువ, పెట్రోలు తాగుడు ఎక్కువ, లాగడం తక్కువ. మూడేళ్ళలో ఉత్పత్తి ఆగిపోయింది. దాని పేరు అన్యాయంగా పోయిందని ఎవరూ అనలేరు.

రెండోది, ఒకప్పుడు నిజం, తర్వాత కాదు. టాటా ఇండికా. 1998 డిసెంబర్‌లో వచ్చింది. మన దేశ కంపెనీ డిజైన్ చేయించుకున్న కారని జనం ఎగబడ్డారు, మొదటి వారంలోనే లక్షకు పైగా బుకింగులు. బళ్ళు చేతికొచ్చాక ఫిర్యాదులు మొదలయ్యాయి: చప్పుళ్ళు, టైర్లు త్వరగా అరిగిపోవడం, ఫిట్టింగు సరిగ్గా లేకపోవడం. ఫిర్యాదులు నిజమే. కంపెనీ క్యాంపులు పెట్టి భాగాలు మార్చింది, లోపాలు సరిచేసి 2001లో ఇండికా వీ2 తెచ్చింది. ఆ తర్వాత ఆ డీజిల్ బండి ఊరూరా ట్యాక్సీ అయింది. రోజుకి మూడొందల కిలోమీటర్లు తిరిగే డ్రైవర్లు దాన్ని నమ్ముకున్నారు. అయినా "ఇండికానా, వద్దులే" అనే మాట చాలాకాలం పోలేదు. బండి మారినంత త్వరగా మాట మారదు.

మూడోది నాకు బాగా బాధ కలిగించే రకం: కంపెనీ చేసిన తప్పుకి బండి పేరు పోవడం. డేవూ మాటిజ్ 1998లో వచ్చింది. చిన్న కారు, మంచి కారు. 2000లో కొరియాలో డేవూ మోటార్ దివాలా తీసింది. జనరల్ మోటార్స్ ఆ కంపెనీ ఆస్తులు కొంది, కానీ ఇండియా ఫ్యాక్టరీని తీసుకోలేదు. ఇక్కడ కొన్నవాళ్ళు నడిరోడ్డు మీద మిగిలారు. తమాషా ఏంటంటే, మాటిజ్ తర్వాతి తరం బండే 2007లో షెవ్రొలే స్పార్క్ అనే పేరుతో మళ్ళీ మన దగ్గరికి వచ్చింది. మాటిజ్ వద్దన్నవాళ్ళే స్పార్క్ కొన్నారు. చివరికి 2017లో జనరల్ మోటార్స్ కూడా ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. 2021లో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపుతున్నామని ప్రకటించింది. అప్పటికి చాలామంది మెచ్చుకున్న ఇంజిన్ అయినా, ఆ వార్త రాగానే సెకండ్ హ్యాండ్ కొనేవాడికి మొదట వచ్చే డౌటు ఒకటే: రేపు సామాను దొరుకుతుందా?

వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం ఇంకోటుంది. 1.3 లీటర్ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్, 1,248 సీసీ. డిజైన్ ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి చేసినది. ఫియట్ దగ్గర లైసెన్సు తీసుకుని మారుతి వాళ్ళు మానేసర్‌లో తయారుచేసి, 2007 నుంచి స్విఫ్ట్ డీజిల్‌లో పెట్టారు. తర్వాత డిజైర్‌లో పెట్టారు. టాటా ఇండికా విస్టాలో పెట్టింది. చాలామంది దాన్ని సరదాగా మన జాతీయ ఇంజిన్ అనేవారు. 2009లో ఫియట్ లీనియా, గ్రాండే పుంటో వచ్చాయి. వాటిలోనూ ఇదే ఇంజిన్ కుటుంబం. ఇప్పుడు చెప్పండి, డిజైర్ డీజిల్ అంటే బంగారం, ఫియట్ అంటే తలనొప్పి అని ఎందుకైంది? ఇంజిన్ పుట్టిందే ఫియట్ ఇంట్లో!

జవాబు షోరూంలో ఉంది. ఫియట్ 2006 నుంచి టాటా డీలర్ల దగ్గర అమ్ముడైంది. 2012లో విడిపోయి సొంత షోరూంలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. చిన్న ఊళ్ళవాళ్ళకి సర్వీస్ ఎక్కడో తెలియని పరిస్థితి. 2019లో ఫియట్ కార్ల అమ్మకం ఇక్కడ ముగిసింది. స్విఫ్ట్ ఓనరుకి మాత్రం పక్క టౌన్లోనే సర్వీస్ దొరికింది. ఇంజిన్ ఒకటే, తేడా దాని వెనక నిలబడ్డ మనుషుల్లో ఉంది.

దీనికి రివర్స్ ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. కియా అనే పేరు 2019కి ముందు మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీ పెట్టి, 2019 ఆగస్టులో సెల్టోస్ దించేనాటికే చాలా టౌన్లలో షోరూంలు, సర్వీసు సిద్ధం చేసుకున్నారు. పేరు లేని కంపెనీకి జనం అడ్వాన్సులు కట్టేశారు.

సరే, మళ్ళీ మా నాన్న కారు దగ్గరికి వద్దాం. చాలా ఏళ్ళ తర్వాత ఆ మెకానిక్ బాబాయ్‌ని నేనే అడిగాను, "ఆ బండి నిజంగా చెడ్డదేనా?" అని. ఆయన నవ్వి, "బండి ఏటి సేస్తాది బాబూ? ఆ బెల్టు కొన్ని వేల కిలోమీటర్లకి మార్చీయాల. ముందు ఓనరు మార్చనేదు. మీ నాన్నగారికి ఆ సంగతి ఎవులూ సెప్పనేదు. తెగిపోనాక కంపెనీ తిట్లు తిన్నాది" అన్నాడు.

నాకు చాలాసేపు మాట రాలేదు. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా తిట్టింది ఎవర్ని? తప్పులో సగం బెల్టు మార్చని పాత ఓనరుది. మిగతా సగం సామాను అందుబాటులో ఉంచనివాళ్ళది. ఆ ఏడు వారాలు మాత్రం నిజం. అందులో అబద్ధం లేదు.

అందుకే తమ్ముడికి రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "కంపెనీ పేరు పక్కన పెట్టు, మూడు పనులు చెయ్" అన్నాను. ఒకటి, ఆ బండి పాత సర్వీసు బిల్లులు అడుగు. రెండు, శ్రీకాకుళంలో దాన్ని విప్పే మెకానిక్ ఎవరో కనుక్కుని ఆయన చేత బండి చూపించు. మూడు, క్లచ్ ప్లేటు, రేడియేటరు, ముందు సస్పెన్షన్ సామాను ఎన్ని రోజుల్లో వస్తాయో నాలుగు షాపులకి ఫోన్ చేసి అడుగు.

వాడు చేశాడు. బిల్లులు పక్కాగా ఉన్నాయి. మెకానిక్ బండి చూసి బాగుందన్నాడు. కానీ మూడో ప్రశ్న దగ్గర రెండు షాపులు పది రోజులన్నాయి, రెండు షాపులు "ఆర్డర్ పెట్టి చూద్దాం" అన్నాయి.

ట్యాక్సీ పది రోజులు ఆగితే కిస్తీ ఎవరు కడతారు? పిన్ని గొలుసు ఏమవుతుంది? కొనొద్దన్నాను. కానీ ఇంకో మాట కూడా చెప్పాను. అదే బండిని మా నాన్నలాంటి మాస్టారు, ఆదివారం గుడికి, పెళ్ళికి వెళ్ళడానికి కొంటానంటే కొనమనేవాణ్ణి. లక్షన్నర మిగులుతుంది, పది రోజులు ఆగినా ఆటో ఎక్కొచ్చు. ఆ బండికొచ్చిన చెడ్డ పేరు ట్యాక్సీవాడి విషయంలో నిజం, మాస్టారి విషయంలో కాదు.

ఇప్పుడు ఖద్దరు సంగతి. మా ఊరి సన్న ఖద్దరుకి గాంధీ గారి కాలం నుంచీ పేరుంది. ఆ పత్తిని శుభ్రం చేసేది దేంతోనో తెలుసా? వాలుగ చేప దవడతో. సన్న పళ్ళుంటాయి దానికి, దువ్వెనలా పనిచేస్తుంది. ఆ దవడ మా ఊళ్ళో దొరకదు, గోదావరి వైపు నుంచి రావాలి. అది రాకపోతే పత్తి దువ్వే ఆవిడ కూర్చోవాలి, ఆవిడ కూర్చుంటే వడికే ఆవిడ కూర్చోవాలి, ఆ తర్వాత మగ్గం ఆగుతుంది. మా ఊరి పేరు కూడా ఒక స్పేర్ పార్టు మీద ఆధారపడి ఉందన్నమాట. వందేళ్ళుగా ఎవరో ఒకరు ఆ దవడని తెస్తూనే ఉన్నారు కాబట్టి ఆ పేరు నిలబడింది.

మీ ఇంట్లో కూడా ఒక బండి పేరు చెడగొట్టిన కథ ఉండే ఉంటుంది. ఈసారి అది చెప్పేటప్పుడు ఒక్కసారి ఆలోచించండి: ఆగింది బండా, లేక సామాను రావడమా? కామెంట్లలో రాయండి, కంపెనీ పేరు లేకుండానే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.