పురుషోత్తమ చౌధరి కృతులు - సంకలన విచారము

ఒక గ్రంథకర్త మతనీతి రచనలు ఏకసంపుటమున నిలుచుటకును, పలువురి కృతుల నడుమ చెదరియుండుటకును గొప్ప భేదము కలదు. తెలుగు క్రైస్తవ కవులలో ప్రసిద్ధుడగు పురుషోత్తమ చౌధరి (1803-1890) విషయమున నీ భేదము స్పష్టమగుచున్నది.

చౌధరి నాటి గంజాము మండలమున వంగదేశీయ బ్రాహ్మణకుటుంబమున జనించి, 1833లో క్రైస్తవ మతమును స్వీకరించెను. ‘కులాచార పరీక్ష’, ‘నిస్తార రత్నాకరము’ మున్నగు గ్రంథములను, నూటికి మించిన కీర్తనలను రచించెను. మొదటిది ఆచారవిమర్శము; రెండవదాని పేరిలోని నిస్తారశబ్దమునకు తరించుట యని యర్థము. త్యాగరాజు (1767-1847) జీవించియున్న కాలముననే యీతడు కీర్తనరచనకు బూనుటయు గమనింపదగినది. పల్లవియు చరణములును గల యా దేశీయరూపమే క్రీస్తుభక్తికి వాహనమయ్యెను.

ఈ కీర్తనలలో ననేకములు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమున జేరినవి. అందు కీర్తన శీర్షమున రాగతాళములును, తుదిని కర్తృనామమును గానవచ్చును. కాని కూర్పు విషయానుసారము, కర్తృక్రమము కాదు. స్తుతి యొకచోట, పశ్చాత్తాప మింకొకచోట నుండుటచే నొక్క కవిహృదయము పలు ప్రకరణములకు పంచబడినది.

ఇందు లాభమును గలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 1948 వరకు నిజాము రాజ్యములోనివి. చౌధరి జన్మసీమ ఆంగ్లేయపాలనమున నుండెను. కరీంనగర ప్రాంతమున వెస్లియను మిషను పనిచేసెను. 1947లో దక్షిణ భారత సంఘ మేర్పడెను. రాజ్యభేదమును, మిషనుల భేదమును దాటి యా సీమ సంఘములకును చౌధరి పాట చేరుటకు కీర్తనల పుస్తకమే సాధనమయ్యెను. ఏకకర్తృక సంపుటమునకు ఇంతటి వ్యాప్తి దుర్లభము.

అయినను నష్టము స్వల్పము గాదు. పాడువారికి భక్తుడు దొరకెను, ఆచారపరీక్షకుడు మరుగుపడెను. లోకాచారమును గ్రంథమున బరీక్షించిన యతడే, పశ్చాత్తాపకీర్తనలయందు తన మనస్సును బరీక్షించుకొనెను. పరులను విమర్శించుటకు ముందు తన్ను తాను విమర్శించుకొనుటయే నీతికి మూలము. ఈ రెండు పరీక్షలను చేర్చి చదివినగాని యాతని నీతిదృష్టి పూర్ణముగ బోధపడదు. కావున కీర్తనలను మాత్రమే కొని చౌధరిని అంచనా వేయుట సాహిత్యచరిత్రకారునకు తగదు.