టాల్‌స్టాయ్ క్షేత్రమున ఒకే పొయ్యి

1894వ సంవత్సరము చివరి దినములలో దక్షిణాఫ్రికాయందలి నేటాలు రాష్ట్రమున ఒక పుస్తక ప్రకటన వెలువడెను. అమ్మకమునకు ఉంచిన గ్రంథములు క్రైస్తవ మతమునకు సంబంధించినవి. వానిని రచించినవారు ఆనా కింగ్స్‌ఫర్డు అను ఆంగ్ల వైద్యురాలును, ఆమె సహచరుడు ఎడ్వర్డు మెయిట్లండును. అమ్మజూపినవాడు మాత్రము హిందువు, 25 ఏండ్ల బారిస్టరు. తన పేరు క్రింద ఆయన రెండు హోదాలు వ్రాసికొనెను: ఒకటి నిగూఢార్థ క్రైస్తవ సంఘమునకు ప్రతినిధి, రెండవది లండను శాకాహార సంఘమునకు ప్రతినిధి. ఆయనయే మోహనదాసు కరంచందు గాంధీ.

క్రీస్తును గూర్చిన పుస్తకములు చదువుటయు, మాంసము మానుటయు ఒకే మనిషి సంచిలో ఎట్లు చేరెనని శ్రోతలు అడుగవచ్చును. మన దేశములో మతము మారినవారు తిండి మార్చుకొనుట ఎరుగుదుము. కాని ఆ మార్పు తరచుగా ఎదురు దిక్కునకు సాగినట్లు విందుము. రాజకోటలో బాలుడైన గాంధీ విన్నదియు అదియే: క్రైస్తవుడగుట యనగా గొడ్డుమాంసము తినుట, సారాయి త్రాగుట, దొరల దుస్తులు తొడుగుట. ఆ అభిప్రాయము లండనులో ఒక శాకాహార భోజనవసతి గృహములో విరిగినది. మాంచెస్టరు నుండి వచ్చిన ఒక సజ్జనుడు అచట ఆయనకు తారసపడెను. ఆ పెద్దమనిషి క్రైస్తవుడు. మాంసము ముట్టడు, మద్యము త్రాగడు. ఆ రెండింటిలో ఏదియు లేఖనములు విధించినది కాదని చెప్పి, బైబిలు చదువుమని గాంధీగారిని వేడుకొనెను. పాత నిబంధన చదువుచుండగా ఆయనకు నిద్ర వచ్చెడిదట. కొత్త నిబంధనలోని కొండమీది ప్రసంగము మాత్రము సూటిగా హృదయమున నాటుకొనెను.

ఆ కాలపు ఇంగ్లాండులో మాంసము మానినవారిలో మతవిచారము గలవారు అనేకులుండిరి. కింగ్స్‌ఫర్డు 1880లో పారిసు నగరమున వైద్యపట్టము పొందినది. శాకాహారమే ఆమె సిద్ధాంత వ్యాసమునకు విషయము. రష్యాదేశమున టాల్‌స్టాయ్ మహాశయుడు హోవర్డు విలియమ్సు వ్రాసిన ఆహారనీతి గ్రంథమునకు రష్యను అనువాదములో పీఠిక వ్రాయబూని, తూలా పట్టణపు కబేళాకు స్వయముగా వెళ్లి చూచి వచ్చెను. 1892లో వెలువడిన ఆ పీఠికకు ఆయన పెట్టిన పేరు 'మొదటి మెట్టు'. సత్ప్రవర్తనకు మాంసము మానుట తుది మెట్టు కాదు, మొదటిది మాత్రమే యని ఆ పేరులోనే ఉన్నది. 'దేవుని రాజ్యము నీలోనే ఉన్నది' అను టాల్‌స్టాయ్ గ్రంథము దక్షిణాఫ్రికాలో గాంధీగారి చేతికి వచ్చినప్పుడు, ప్రిటోరియా మిత్రులు అంతకుముందు ఇచ్చిన మతగ్రంథములన్నియు దాని ముందు వెలవెలబోయెను.

ఇక ఈ చదువులు ఒక ఇంటి భోజనపు బల్లను ఎట్లు తాకెనో చూతము. నేటాలులో ఒక క్రైస్తవ కుటుంబము ఆయనను ప్రతి ఆదివారము భోజనమునకు పిలుచుచుండెను. వారి కోరికపై ఆయన వెస్లియను ఆలయమునకును పోవుచుండెను. ఒకనాడు క్రీస్తు బుద్ధుల జీవితములను పోల్చి మాటలాడుచు, గౌతముని దయ మనుష్యులకే గాక సర్వప్రాణులకు వ్యాపించినదని గాంధీగారు చెప్పగా ఇల్లాలి మనసు నొచ్చెను. తరువాత భోజనము. ఆమె కుమారునికి అయిదేండ్లు నిండి యుండవు. గాంధీగారికి పిల్లలనిన ప్రాణము. వాని పళ్లెములోని మాంసపు ముక్కను ఎగతాళి చేసి, తన పళ్లెములోని ఆపిలు పండును మెచ్చుకొనిరి. పసివాడు తానును పండే మంచిదనెను. మరుసటి వారము వచ్చునప్పటికి ఇంట రగడగా నున్నది. వాడు మాంసము ముట్టక పండ్లు కావలెనని మారాము చేయుచున్నాడు. బిడ్డ చిక్కిపోవునని తల్లికి భయము. ఆమె మర్యాద తప్పకయే, మీ వాదములు పెద్దలతోనే చేయుడని చెప్పెను. గాంధీగారు రాకపోకలు మానిరి. స్నేహము మాత్రము మానలేదు. ఆయన ఆత్మకథలో ఈ ఘట్టము చిన్నదే. మాకు మాత్రము ఇది చాల పెద్ద ఘట్టముగా తోచుచున్నది. పరుల ఇంటి పళ్లెములోనికి తొంగిచూచు నీతి ఎంత మంచిదైనను, ఆ ఇంటి తల్లికి ఒక మాట చెప్పవలసిన బాధ్యత దానికి కలదు. ఆ తల్లి గెంటివేసినది శాకాహారమును గాదు, అడుగక వచ్చిన ఉపదేశమును.

పదునైదేండ్లు గడచినవి. ట్రాన్స్‌వాలులో సత్యాగ్రహము సాగుచుండెను. చెరసాలలకు పోయినవారి కుటుంబములకు నెలనెల ధనమిచ్చి పోషించుట భారమైపోయెను. 1910 మే 30వ తేదీన హెర్మను కాలెన్‌బాకు అను యూదు వాస్తుశిల్పి, జోహానెస్‌బర్గునకు 21 మైళ్ల దూరమున తాను కొనిన 1100 ఎకరముల భూమిని అద్దె లేకుండ వీరికి ఒప్పగించెను. సుమారు వేయి పండ్ల చెట్లు, రెండు బావులు, ఒక చిన్న ఊట, కొండ దిగువున అరడజనుమంది పట్టు ఇల్లు. ఇదియే టాల్‌స్టాయ్ క్షేత్రము. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారు, వారితోపాటు ఆంధ్రదేశీయులును అచట నివసించిరని గాంధీగారు స్పష్టముగా వ్రాసియున్నారు. 1860 మొదలు చెన్నపట్టణపు రేవునుండి కూలి ఒడంబడికపై నేటాలునకు ఓడలెక్కిన తెలుగువారి కథ వేరుగా చెప్పదగినది. హిందువులు, ముసల్మానులు, పారసీకులు, క్రైస్తవులు అందరును ఒకే కుటుంబముగా నుండవలెనని ఆయన సంకల్పము.

కుటుంబమన్న తరువాత పొయ్యి యొకటి కావలెను గదా! చిక్కు అచటనే వచ్చెను. వచ్చినవారిలో క్రైస్తవులును, ముసల్మానులును చిననాటినుండి మాంసము తినువారు. వేరు వంటలు పెట్టిన ఖర్చు పెరుగును, కుటుంబము విడిపోవును. మాంసము తినువారిని రావద్దనుట ధర్మము గాదు. గాంధీగారు ముందుగా తనలో తాను నిశ్చయించుకొనినది ఇది: వారు గొడ్డుమాంసమే అడిగినను తెప్పించి పెట్టవలసినదే. పుట్టుకచే వైష్ణవుడు, అహింసావ్రతుడు ఈ నిశ్చయమునకు వచ్చుట సామాన్యమా? ముసల్మాను మిత్రులు శాకాహారపు వంటయింటికి ముందే అంగీకరించిరి. భర్తలో, కొడుకులో చెరసాలలో నున్న క్రైస్తవ స్త్రీలవద్దకు ఆయన స్వయముగా పోయి ఇంటి సంగతి, ఖర్చుల సంగతి, తన మనసులోని మాట విప్పి చెప్పి, కావలెనన్న మాంసము దొరకునని కూడ చెప్పెను. వారు మాంసము లేకున్నను సరియే అనిరి. వంటయింటి అధికారము స్త్రీలకే అప్పగింపబడెను.

నేటాలులోని ఇల్లాలికి ఇచ్చియుండవలసిన గౌరవము ఈ సోదరీమణులకు దక్కినదని సంతసింతుము. అయినను చరిత్ర చదువువారు ఒక సందేహమును అణచుకొనరాదు. ఇంటి పురుషుడు చెరలో నుండ, కూడు గూడు ఒకే చోటినుండి వచ్చుచుండ, ఆ చోటి పెద్ద చేతులు జోడించి అడిగిన, కాదనగల స్త్రీ యెందరు? అడుగుట నిజమే, ఇచ్చిన సమ్మతి ఎంత స్వేచ్ఛగా ఇచ్చినది? ఆ వృత్తాంతము మనకు గాంధీగారి కలము నుండియే వచ్చినది. ఆ స్త్రీల నోటిమాట అందులో లేదు. ఈ లోటును చెప్పక ఆ వంటయింటిని కీర్తించుట సగము చరిత్రయే యగును.

తిండి ఎట్లుండెడిదందురా? ఉదయము ఆరు గంటలకు రొట్టె, గోధుమలు వేయించి పొడిచేసి కాచిన 'కాఫీ'. పదునొకండు గంటలకు అన్నము, పప్పు, కూర. సాయంకాలము అయిదున్నరకు గోధుమ జావ, పాలు. లేదా మరల రొట్టెయు కాఫీయు. గోధుమలు తిరుగలిలో విసరుకొనుట, రొట్టె కాల్చుకొనుట వారి పనియే. వేరుసెనగను నూరి వెన్నవలె చేసికొనెడివారు. తోటలోని నారింజలతో మురబ్బా కాచెడివారు. అందరును ఒకే బంతిని కూర్చుండి తినెడివారు. రాత్రి ప్రార్థనలో భజనలు, రామాయణము, ఒక్కొక్కప్పుడు ఇస్లాము గ్రంథములు, ఆంగ్ల క్రైస్తవ కీర్తనలు. ముసల్మాను బాలురు రంజాను ఉపవాసము పట్టగా తక్కినవారును వారితో పస్తుండిరి.

ఇంతవరకు మాంసము మాట. పాలు మానుట మరియొక మెట్టు. మన ఇండ్లలో ఆ మెట్టే కష్టమైనది. గొడ్డుకాడ కుండలేని ఇల్లు ఇల్లే కాదనుకొను పల్లెలు మనవి. అట్లని పాలు లేని వంట తెలుగుదేశమున ఎన్నడును లేదనుకొనుట పొరపాటు. వరంగల్లు సీమలో, నేటి ములుగు జిల్లాలో, గోదావరి ఒడ్డుననున్న ఏటూరునాగారము అడవులలో కోయవారి పూర్వపు వంటను చూడుడు: జొన్న అంబలి, అడవి దుంపలు, చింతచిగురు, ఇప్పపువ్వు. పశువులు అరక దున్నుటకే ముఖ్యముగాని, పాలు పెరుగులకు ఆ వంటలో పెద్ద చోటు లేదు. ఐతే వేట దొరికిననాడు మాంసమును తిందురు. కనుక వారిని గాంధీగారి పంక్తిలో కూర్చుండబెట్టరాదు. లేమిచే, అలవాటుచే పాలు లేకుండుట ఒకటి. కలిగియుండి విడుచుట వేరొకటి.

పాలు ఇంద్రియవికారమును రేపునని గాంధీగారికి మొదట చెప్పినవారు రాయచందుభాయి. తరువాత కలకత్తా నుండి వచ్చిన కొన్ని రచనలలో, చివరి బొట్టువరకు పిండుటకై ఆవులను, గేదెలను హింసించు పద్ధతులు చదివి ఆయన చలించిరి. 1912లో క్షేత్రమున ఈ సంగతి మాటలలో రాగా, మనమే ఏల విడువరాదని కాలెన్‌బాకు అడిగెను. అక్కడికక్కడే ఇరువురును వ్రతము పట్టిరి. కొలదికాలమునకే వండిన ధాన్యములను కూడ వదలి పచ్చి వేరుసెనగ, అరటిపండ్లు, ఖర్జూరము, నిమ్మపండ్లు, ఆలివు నూనెలతో గడుపసాగిరి. ఈ వ్రతము ఇరువురిది మాత్రమే. క్షేత్రమంతయు పాలు మానినదని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. నేటాలులోని పసివాని పళ్లెము ఆయనకు గుర్తున్నదో లేదో మాకు తెలియదు గాని, ఈసారి ఆయన తన పళ్లెమునే మార్చుకొనిరి.

కస్తూరిబాగారి మాట ఇచట చెప్పక తీరదు. డర్బనులో శస్త్రచికిత్స జరిగి ఆమె మంచముపట్టి యుండగా, గొడ్డుమాంసపు రసము ఇచ్చినగాని బ్రతుకదని వైద్యుడు పట్టుపట్టెను. భర్త అభిప్రాయము భర్త చెప్పిరి. నిర్ణయము ఆమెకు వదలిరి. ఆమె ప్రాణము పోయినను అది ముట్టననెను. ఆమె పట్టుదల పుస్తకములు చదివి వచ్చినది కాదు, పుట్టింటినుండి వచ్చినది. ఆ ఇల్లాలే 1919లో బొంబాయిలో, విరేచనముల జబ్బుచే చిక్కి శల్యమైన భర్తను పాలు త్రాగుమని వైద్యుడు వేడుకొనుచుండగా, వ్రతమునాడు తలచినది ఆవుపాలు, గేదెపాలు గదా, మేకపాలకేమి అడ్డమని మంచము ప్రక్కనుండి అడిగెను. గాంధీజీ లొంగిపోయిరి. వ్రతములోని అక్షరము నిలిచెను, ఆత్మ చచ్చెనని ఆయన తుదివరకు బాధపడిరి. కస్తూరిబాగారు బాధపడినట్లు ఎచటను కనబడదు; మేమును ఆమె పక్షమే.

1931 నవంబరు 20వ తేదీన లండను శాకాహార సంఘమువారు సభచేయగా, తాను విద్యార్థిగా చదివిన శాకాహార గ్రంథమును రచించిన వృద్ధుడు హెన్రీ సాల్టు ప్రక్కన కూర్చుండి, పాలు విడువలేకపోయిన తన సంగతిని గాంధీజీ చెప్పిరి. ఆరోగ్యముకొరకు మాంసము మానినవారు నిలువరనియు, నీతికొరకు మానినవారే నిలుతురనియు ఆయన అభిప్రాయము. పాలు, గ్రుడ్లు, తేనె సైతము విడుచువారికి 'వీగన్లు' అను పేరు 1944లో ఇంగ్లాండున డొనాల్డు వాట్సను, ఆయన మిత్రులు కల్పించిరి. అటువంటి భోజనములో సహజముగా దొరకని బి12 విటమినును శాస్త్రజ్ఞులు 1948లోగాని వేరుచేయలేదు. నేడు పాలు విడుచువారు ఆ విటమినును మాత్రగానో, కలిపిన ఆహారముగానో పుచ్చుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. 1912లో ఈ తెలివి ఎవరికిని లేదు. అందుచేత ఆ ఇరువురి పట్టుదలను మెచ్చుకొనవచ్చును గాని, ఆ పండ్ల భోజనమును ఇంటిలోని పిల్లలకు యథాతథముగా పెట్టరాదు.

ఈ కథలో ఆంధ్రులకు మరియొక పాలు కలదు. ఏటూరునాగారము ముందునుండి పారిన గోదావరియే భద్రాచలము దాటి రాజమహేంద్రవరము చేరును. 1929 వేసవిలో ఖద్దరు నిధికై ఆంధ్రదేశము తిరుగుచు గాంధీజీ ఆ పట్టణమునకు వచ్చిరి. అచట ప్రకృతి చికిత్సాలయము నడుపుచున్న గోపాలరావుగారు, తొట్టిస్నానములు మొదలగునవి కూడ కృత్రిమములే యనియు, నిప్పు తగులని తిండియే అసలు మందనియు వాదించిరి. పదునేడేండ్లనాటి పచ్చి వేరుసెనగలు జ్ఞాపకము వచ్చెను కాబోలు, మహాత్ముడు ఆ మాట పట్టుకొనిరి. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదములు, పచ్చి ఆకుకూరలు, నిమ్మపండ్లు, తేనె: ఇది దినభోజనము. సాబర్మతిలో అనేకులు ఆయనతో చేరిరి. జూను 13వ తేదీ 'యంగ్ ఇండియా'లో ఆయన ఈ ప్రయోగమును ఉత్సాహముతో ప్రకటించిరి. ఆగస్టు నాటికి జిగట విరేచనములు తిరుగబెట్టెను. వండిన కూడును, మేకపాలును మరల పుచ్చుకొని, ఆ సంగతినికూడ దాచక అదే పత్రికలో వ్రాసిరి.