అంకెల యుద్ధం

మొన్నామధ్య ఓ శుక్రవారం రాత్రి క్లయింటు ఊరినుంచి విమానం దిగి ఇల్లు చేరేసరికి, అయిదో తరగతి చదివే మా అమ్మాయి భిన్నాల హోంవర్కు ముందేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని కూర్చునుంది. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండని నాన్నని కదా, మనసు చివుక్కుమంది. మర్నాడే వెళ్ళి ఆడుతూ పాడుతూ లెక్కలు నేర్పుతుందని అట్టమీద రాసున్న ఆట ఒకటి కొనుక్కొచ్చాను. (కన్సల్టెంటు బుర్ర! సమస్య కనబడితే చాలు, ప్యాకేజీ కొనేస్తుంది.) పాచిక వెయ్యడం, కార్డు తియ్యడం, దానిమీదున్న లెక్క చేస్తే రెండు గళ్ళు ముందుకెళ్ళడం. పది నిమిషాల్లో పిల్ల తేల్చేసింది: "నాన్నా, ఇది హోంవర్కే. రంగులేశారంతే."

ఆ మాట పట్టుకుని వెతుకుతూ పోతే వెయ్యేళ్ళ వెనక్కి తేలాను.

1030 ప్రాంతంలో జర్మనీలోని వ్యూర్ట్స్‌బుర్గ్‌లో ఆసిలో అనే మతాచార్యుడు ఒక ఆట గురించి రాశాడు. దాని పేరు రిథ్మోమాకియా, అంటే అంకెల యుద్ధం. అప్పట్లో చర్చిల బళ్ళలో లెక్కలంటే ఆరో శతాబ్దపు బోయెతియస్ రాసిన అంకగణితమే. కూడికలు, తీసివేతల కంటే సంఖ్యల మధ్య నిష్పత్తులకే అందులో పెద్దపీట. చదవడానికి మహా పొడి వ్యవహారం. ఆ పొడి పాఠాన్నే బల్లమీద సైన్యాలుగా నిలబెట్టారన్నమాట. కొద్దికాలానికే రైఖెనౌ మఠంలో ఉండే హెర్మన్ (1013–1054) ఈ ఆట నియమాలమీద రాశాడు. చిన్నప్పటినుంచీ కాళ్ళూ చేతులూ సరిగ్గా స్వాధీనంలో లేని మనిషి, మాట కూడా కష్టమే. అయినా ఆ కాలపు గొప్ప పండితుల్లో ఒకడు.

తరవాత స్థిరపడ్డ రూపంలో బల్లకి 8 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ పొడవు. రెండు చదరంగం బల్లలు కలిపి పెట్టుకుంటే సరిపోతుంది. ఒక్కొక్కరికి 24 కాయలు: గుండ్రనివి, ముక్కోణాలు, చదరాలు, ఒక పిరమిడ్. ఒకరి సైన్యం 2, 4, 6, 8 లనుంచి పుట్టింది, ఇంకొకరిది 3, 5, 7, 9 లనుంచి. పుట్టడమంటే ఉత్తినే కాదు. 4 కి ఒకటిన్నర రెట్లు 6, దానికి ఒకటిన్నర రెట్లు 9. అలాగే 16 కి ఒకటింబావు రెట్లు 20, దానికి ఒకటింబావు రెట్లు 25. ఇవన్నీ ఒకే సైన్యంలో కాయలు. పిరమిడ్ విలువ 91, అంటే 1, 4, 9, 16, 25, 36 ల మొత్తం.

కాయని చంపాలంటే లెక్క కుదరాలి. మీ 4, 8 కలిసి శత్రువు 12 ని చెరోవైపునుంచి ఇరికిస్తే 12 పోయినట్టే. మీ 4 కి, శత్రువు 36 కి మధ్య దారి ఖాళీగా ఉండి తొమ్మిది గళ్ళ దూరముంటే, నాలుగు తొమ్ముదులు ముప్ఫయ్యారు కాబట్టి అదీ మీదే.

అన్నిటికంటే గొప్ప గెలుపు కాయల్ని శత్రువు భూభాగంలో వరసగా నిలబెట్టడం. ఉదాహరణకి 3, 4, 6, 9. ఇందులో 3, 6, 9 అంకశ్రేఢి. 4, 6, 9 గుణశ్రేఢి. 3, 4, 6 హరాత్మక శ్రేఢి. ఈ మూడోదాన్ని ఇంటర్లో బట్టీపట్టి మర్చిపోయినవాళ్ళకి (నాకన్నమాట) ఒక వీణ తీగ చాలు. ఆరు పాళ్ళ పొడవు తీగ "స" పలికితే, నాలుగు పాళ్ళ దగ్గర నొక్కితే "ప", మూడు పాళ్ళ దగ్గర పై "స". ఆ బళ్ళలో సంగీతం కూడా గణితంలో భాగమే మరి.

1516లో థామస్ మోర్ తన 'యుటోపియా'లో జనం చదరంగంలాంటి రెండు ఆటలు ఆడతారని రాశాడు. ఒకటి అంకెలు అంకెల్ని దోచుకునే ఆట, రెండోది సద్గుణాలకీ దుర్గుణాలకీ పోరు. ఆ రెండోది చదవగానే మా అమ్మమ్మ ఇంటి గోడకి వేళ్ళాడే వైకుంఠపాళి పటం గుర్తొచ్చింది. నీతయినా, నిష్పత్తయినా పిల్లలకి బల్లమీద పెట్టి చూపించాలన్న ఆలోచన మన ఒక్కళ్ళదే కాదు.

1563లో లండన్‌లో ఈ ఆటమీద ఇంగ్లీషులోనూ పుస్తకం అచ్చయింది. కానీ పదిహేడో శతాబ్దం తరవాత ఆట దాదాపు మాయమైపోయింది. 1202లో ఫిబొనాచ్చి పుస్తకంతో యూరప్‌లో ప్రచారమైన మన దేశపు అంకెలు, వాటి వెనకే వర్తకుల లెక్కలు, బీజగణితం నెమ్మదిగా బడినీ బజారునీ ఆక్రమించాయి. బోయెతియస్ నిష్పత్తులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పాఠం పాతబడింది, దాన్ని మోసిన ఆటకీ నూకలు చెల్లాయి. ఏ పాఠాన్నీ భుజాన వేసుకోని చదరంగం మాత్రం హాయిగా బతికేసింది.

అయినా అయిదారు వందల ఏళ్ళు నిలిచిందంటే మాటలా? నాకు తోచిన కారణం ఒకటే. నేను కొన్న పెట్టెలో లెక్క చేస్తే ఆట ముందుకెళ్తుంది, లెక్క గేటు దగ్గర వసూలు చేసే టోలు. రిథ్మోమాకియాలో లెక్కే ఎత్తు. లెక్క తీసేస్తే ఆటే లేదు.

అట్టముక్కలు కత్తిరించి, సగం కాయలతో ఇంట్లో మొదలుపెట్టాం. నియమాలు మూడొంతులు కుదించాను, పండితులు క్షమించాలి. భిన్నాల పరీక్షలో మార్కులేమీ ఆకాశానికి ఎగరలేదు. కానీ మొన్న ఆదివారం సాయంత్రం నేను పెట్టె సర్దుకుంటుంటే వచ్చి, "నాన్నా, నీ 9 కదపకు. అది నా 6 కి ఒకటిన్నర రెట్లు, నాకు కావాలి" అంది.

కదపలేదు. శుక్రవారం వచ్చేదాకా బల్ల అలాగే ఉంది.