రంగం నుంచి వెరావల్ దాకా

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జనం పని వెతుక్కునే తీరు వందేళ్లకు పైగా ఒక్కటే: ఎరిగినవాడి మాట పట్టుకుని వెళ్లడం. బర్మా రోజుల్లో మేస్త్రీ ఊళ్లోకొచ్చి బయానా ఇచ్చేవాడు. బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కిన కూలీ, రంగంలో, అంటే రంగూన్‌లో, మూటలు మోసి ఆ అప్పు తీర్చేవాడు. దారి చూపినవాడు ఆపద మాత్రం మోయలేదు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలొస్తే వేలాదిమంది అరకాను కొండల మీదుగా కాలినడకన తిరిగొచ్చారు.

ఎరిగినవాడు లేకుంటే పరాయిచోట పనే దొరకదు కదా అనొచ్చు. నిజమే, తోడు కావాలి, కానీ తోడొక్కటే చాలదు. 2018లో గుజరాత్‌లోని వెరావల్ పడవల్లో వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులకు 2020 జనవరిదాకా విడుదల లేదు. మేస్త్రీ అయినా ఏజెంటయినా, యజమాని పేరు, కూలి, బీమా, తిరుగు ఖర్చు కాగితం మీద రాయించుకున్నాకే బయలుదేరండి.