దవడ కణితి ఊపిరితిత్తులకు పాకినా శస్త్రచికిత్సకు అవకాశం

పంటి పింగాణీని రూపొందించే కణజాలం నుండి దవడ ఎముకలో పుట్టే అరుదైన కణితి అమెలోబ్లాస్టోమా. ఇది అధికంగా కింది దవడ వెనుక భాగంలో ఏర్పడుతుంది. నొప్పి లేకుండా మెల్లగా పెరగడం వల్ల రోగులు దీనిని పంటి వాపుగా భావించి ఉపేక్షిస్తుంటారు.

కణితిని గీకి తీసివేస్తే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కావున చుట్టూ 1 నుండి 2 సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన ఎముకతో సహా తొలగిస్తారు. పెద్ద లోటు ఏర్పడినచో కాలి సన్న ఎముకతో పూరిస్తారు.

సుమారు 2 శాతం మందిలో ఈ కణితి ఇతర అవయవాలకు, ముఖ్యంగా ఊపిరితిత్తులకు పాకుతుంది. తొలి శస్త్రచికిత్స జరిగిన పదేళ్ల తరువాత కూడా ఇది బయటపడవచ్చు. ఊపిరితిత్తులలోని గడ్డలు కొద్దిగా ఉన్నచో శస్త్రచికిత్సతో తొలగించవచ్చును. అందుచేత కోలుకున్నవారు సైతం దవడకు, ఛాతీకి క్రమం తప్పక పరీక్షలు చేయించుకోవాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో అది ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి. తగ్గని దవడ వాపు ఉన్నవారికి ఎక్స్‌రే, ముక్క పరీక్ష చేయించడం అవసరం.